మీ దగ్గర మావాళ్ళెవరూ లేరు

ఏటి ఒడ్డున ఉన్న ఆ జిల్లా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన ఒక్కడే. అధికారులు వచ్చారు, పోయారు. గోడలకు రంగులు మారాయి. ఆయన కుర్చీ కాలు ఒకసారి విరిగితే చెక్కముక్క వేసి కట్టించుకుని మళ్ళీ అందులోనే కూర్చున్నాడు. ఆయన పని దుభాషి. ఏటికి ఇవతల ఒక భాష, అవతల ఇంకో భాష. ఏటి మీద వంతెన, వంతెన మధ్యలో తెల్లగీత. గీతకు అటు దేశానికీ ఇటు దేశానికీ ఉప్పూ నిప్పూలా ఉండేది. ఎప్పటి నుంచి, ఎందుకు అని అడిగితే రెండు ఒడ్ల మీదా రెండు కథలు చెప్పేవారు.

ఆయన తల్లి అవతలి ఒడ్డు పిల్ల. ఆ గీత గీయకముందు కోడలిగా ఇవతలికి వచ్చింది. ఆవిడ కోపం వచ్చినా పుట్టింటి భాషలోనే తిట్టేది, ముద్దొచ్చినా ఆ భాషలోనే పిలిచేది. అందుకని ఆయనకు రెండో భాష బడిలో నేర్చుకోవలసిన అవసరం పడలేదు.

పని పెద్ద రాచకార్యమేమీ కాదు. ఏరు ఈది అవతలి గట్టున మేస్తున్న గేదెలను తిరిగి పంపమని ఒక ఉత్తరం. తాడు తెగి కొట్టుకుపోయిన పడవ ఎవరిదని ఇంకో ఉత్తరం. వరదలో తేలివచ్చిన శవం చేతికి ఎలాంటి ఉంగరం ఉందో చెప్పమని మరొకటి. ఒకసారి చేపల వల గురించి అటు ఇన్‌స్పెక్టరూ ఇటు ఇన్‌స్పెక్టరూ వంతెన మీద తగాదాపడ్డారు. ఇటాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. దుభాషి కాస్త మెత్తబరచి చెబుతాడనుకున్నారంతా. ఆయన ఆ తిట్టును అక్షరం పొల్లుపోకుండా అవతలి భాషలో తిట్టాడు. అటాయన ఇంకా పెద్ద తిట్టు తిట్టాడు. అదీ అంతే నిదానంగా ఇటు చేరింది. నాలుగు విడతలు అయ్యేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు, వల ఎవరిది వాళ్ళకి చేరింది. "తిట్టులో నేను పంచదార కలిపితే అది నా మాటవుతుంది, ఆయన మాట కాదు" అనేవాడు దుభాషి. ఊళ్ళో వేళాకోళానికి ఆయన్ని రెండు నాలుకలవాడు అని పిలిచేవాళ్ళు. ఆయనా నవ్వేసేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, రెండు దేశాల మధ్య నలుగుతున్నది చాలదా అనేవాడు. అక్క ఇంటి మేడమీద గదిలో ఉండేవాడు. అక్క ఆయన కంటే తొమ్మిదేళ్ళు పెద్దది. భర్త పోయాక బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కొడుకును పెంచింది. ఆ కొడుకును ఇంట్లోనూ బయటా అందరూ ఉడత అనేవాళ్ళు. నడక రాకముందే కిటికీ ఊచలు పట్టుకుని పైకెక్కిన ఘనుడు. పెద్దయ్యాక టెలిఫోన్ స్తంభాలెక్కే పని నేర్చుకుని, సైన్యంలో తీగలు లాగే దళంలో చేరాడు. అమ్మమ్మ ఒళ్ళో పెరిగినవాడు కాబట్టి అవతలి భాష వాడికీ వచ్చు. మామయ్యతో రహస్యాలు మాట్లాడాలంటే ఆ భాషలోకి దిగేవాడు. చిన్నప్పుడు నాన్నమ్మ దగ్గర పెరిగిన అక్కకు ఆ భాష సగమే వచ్చు. "మళ్ళీ మొదలెట్టారా ఇద్దరూ" అని కుట్టుమిషను ఆపి కసిరేది.

ఏరు పుట్టే కొండ మీద ఒక గుట్ట ఉంది. అక్కడ గడ్డి కూడా మొలవదు. ఆ గుట్ట మాదంటే మాదని రెండు సైన్యాలూ వంతులవారీగా జెండాలు పాతి పీకుతుండేవి. ఆ వేసవి మొదట్లో రెండు గస్తీ దళాలు అక్కడ ఎదురుపడ్డాయి. ముందు తోపులాట, తర్వాత రాళ్ళు, ఇనపకడ్డీలు, చివరికి తుపాకులు. ఇటువైపు పందొమ్మిదిమంది పోయారన్నారు పత్రికల్లో. పదహారు శవాలు వచ్చాయి. మిగిలిన ముగ్గురిలో ఒకడు దళం వంటవాడు, ఒకడు కొత్తగా చేరిన సిపాయి, మూడోవాడు ఉడత.

వంతెన మూసేశారు. రెండు రాజధానుల్లోనూ రాయబారులు పెట్టేబేడా సర్దుకుని ఇళ్ళకు పోయారు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఏరు మాత్రం ఎప్పటిలా పారింది. అక్క మిషను తొక్కడం మానలేదు. మానితే కూర్చుని ఏడవాలి, ఏడిస్తే వాడు పోయినట్టే అవుతుంది.

నలభై రోజుల తర్వాత చర్చలు మొదలయ్యాయి. రాజధాని నుంచి వచ్చిన దుభాషులు పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళు. అవతలి సైన్యాధికారి కొండయాసలో మాట్లాడుతుంటే వాళ్ళు తెల్లమొహం వేశారు. అప్పుడు ఎవరో జిల్లా ఆఫీసులో ముసలి కుర్చీ మనిషి ఉన్నాడని చెప్పారు.

పిలిపించినవాడు విదేశాంగ కార్యదర్శి. నున్నగా దువ్విన తల, చల్లని మాట. దుభాషిని ఎదురుగా కూర్చోబెట్టి తన చేత్తో టీ పోసి ఇచ్చాడు. ఆయన మేనల్లుడి సంగతి అప్పటికే తెలుసుకుని ఉన్నాడు.

"దుభాషి గారూ, మేం అడగబోయే పేర్ల జాబితాలో మీ కుర్రాడి పేరే మొదట ఉంది. వాణ్ణి మీ అక్కగారికి అప్పగించే పూచీ నాది. మీరు మనసు గట్టి చేసుకుని పని చేయండి చాలు."

దుభాషికి కళ్ళు చెమర్చాయి. గదిలో విన్నది బయట ఎక్కడా చెప్పనని ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే, చదవకుండానే పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు ఎదుటివాళ్ళ మాటలు తూచి తూచి మోసినవాడు తనకిచ్చిన మాటను మాత్రం తూచుకోలేదు.

చర్చలు వంతెన మధ్యలో వేసిన రేకుల గదిలో జరిగాయి. గదికి రెండు తలుపులు, అటువాళ్ళకొకటి, ఇటువాళ్ళకొకటి. పొడవాటి బల్లకు అడ్డంగా తెల్ల టేపు అంటించారు. ఎవరి టీ కెటిల్ వాళ్ళది. ఎవరి రికార్డరు వాళ్ళది, ఎర్రదీపం వెలుగుతూ ఉండేది. అవతలివైపు దుభాషి ఒక నడివయసు ఆవిడ, మందపు కళ్ళజోడు. ఆవిడ పనితనం చూసి ఈయన లోపల్లోపల మెచ్చుకున్నాడు. పనిమాట తప్ప ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

మొదటి అయిదు సమావేశాలూ ముందు ఎవరు కాల్చారన్న దానితోనే సరిపోయాయి. ఆరో రోజు అవతలి సైన్యాధికారి కాగితాలు పక్కన పెట్టి సూటిగా మాట్లాడాడు. దుభాషి దాన్ని ఇటు చెప్పాడు:

"మీవాళ్ళు ముగ్గురు మా దగ్గరున్నారు. ముగ్గురూ బతికే ఉన్నారు. ఒకడికి కాలు విరిగితే కట్టు కట్టించాం. ఆ రోజు మీ దళం గీత దాటి మావైపుకు వచ్చిందని ఒక్క ముక్క రాసివ్వండి. రేపే వంతెన మీద అప్పగిస్తాం."

చేతులు బల్ల కింద పెట్టుకుని కార్యదర్శి వైపు చూశాడు. ఆ ముక్క రాసిస్తే గుట్ట మీద హక్కు పోతుంది, ఇన్నాళ్ళూ సభల్లో చెప్పిందంతా అబద్ధమవుతుంది. ఆ సంగతి దుభాషికి తెలియకపోలేదు. అయినా పూచీ నాది అన్న మనిషి ఏదో దారి చూపిస్తాడని ఎదురుచూశాడు.

కార్యదర్శి మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా అన్నాడు:

"ఆ రోజు మా సిపాయి ఎవడూ గీత దాటలేదు. పోయినవాళ్ళు పోయారు. తక్కినవాళ్ళంతా మా శిబిరాల్లోనే ఉన్నారు. మీ దగ్గర మావాళ్ళెవరూ లేరు."

గదిలో అందరూ దుభాషి వైపు చూశారు. తను చెప్పకపోతే ఇంకొకణ్ణి పిలుస్తారు. చెబితే మేనల్లుడి నోట్లో తనే మన్ను కొట్టినట్టు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆయన పరిస్థితి.

"దుభాషి గారూ" అన్నాడు కార్యదర్శి మెత్తగా.

అన్నాడు. అవతలి భాషలో, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా అన్నాడు. కళ్ళజోడు ఆవిడ రాసుకుంటున్నదల్లా కలం ఎత్తి ఆయన వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ తల వంచుకుంది.

విరామంలో చేతులు కడుక్కునే చోట కార్యదర్శిని పట్టుకున్నాడు. ఆయన తొణకలేదు. తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ, ఇదంతా బేరమనీ, మొదటి మాట చివరి మాట కాదనీ, రెండు వారాలు ఓపిక పట్టమనీ చెప్పాడు.

"మాటిస్తున్నారా సార్?"

"ఇచ్చాననుకోండి."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. రోజూ అడిగే మాటే అడిగింది, ఇవాళ వాడి ఊసేమైనా వచ్చిందా అని. సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. కార్యదర్శి మాట గుర్తొచ్చింది. రెండు వారాలే కదా అనుకున్నాడు. "రాలేదక్కా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేసిన మొదటి తప్పుడు అనువాదం అది.

తర్వాతి సమావేశాల్లో ఏటి నీళ్ళ వాటా వచ్చింది, లారీల సుంకం వచ్చింది, చేపలు పట్టే రోజులు వచ్చాయి. ముగ్గురి మాట మళ్ళీ రాలేదు. అవతలివాళ్ళు కూడా ఎత్తలేదు. వాళ్ళకు కావలసిన నీళ్ళు వాళ్ళకు దొరికాయి. ఎనిమిది వారాలకు ఉమ్మడి ప్రకటన తయారైంది. రెండు భాషల్లోనూ ఒకటే ఉందో లేదో సరిచూడమని దుభాషి చేతికిచ్చారు. ఏడో అంశం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఒకరి అదుపులో మరొకరి మనుషులెవరూ లేరని ఉభయులూ ధ్రువీకరిస్తున్నారని ఉందక్కడ. రెండు భాషల్లోనూ ఒకటే ఉంది. తప్పు పట్టడానికి కామా కూడా దొరకలేదు.

కరచాలనాలు, ఫొటోలు అయ్యాయి. మర్నాటి పత్రికలో వచ్చిన ఫొటోలో దుభాషి మోచెయ్యి మాత్రం పడింది. అందరూ లేచి సందడిగా ఉన్నప్పుడు కళ్ళజోడు ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా తన భాషలో గబగబా అంది: "కాలు విరిగిన కుర్రాడు మా భాష మాట్లాడుతున్నాడట. అమ్మమ్మ నేర్పిందని నర్సులకు చెప్పాడట." అని సంచీ భుజాన వేసుకుని తన తలుపు వైపు వెళ్ళిపోయింది.

దుభాషి పరుగులాంటి నడకతో కార్యదర్శి కారు దగ్గరికి వెళ్ళాడు. ఏడో అంశం అని మొదలుపెట్టేలోపే, "మీరు గొప్పగా పనిచేశారు దుభాషి గారూ, పైవాళ్ళకు రాస్తాను" అని ఆయన తలుపు వేసుకున్నాడు. నెల తిరక్కుండా ఆ కార్యదర్శినే అవతలి దేశానికి రాయబారిగా వేశారు. వంతెన మీద పూలదండలతో దాటించారు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఏమిటో దుభాషికి అప్పుడు తెలిసింది.

అదే వారంలో ఇంటి ముందు సైనిక వాహనం ఆగింది. మడతపెట్టిన జెండా, ఒక పతకం, మూసి మేకులు కొట్టిన పెట్టె దించారు. పెట్టెను ఇద్దరే తేలిగ్గా మోశారు. వచ్చిన మేజరు మర్యాదగా మాట్లాడి, అక్క ముందు కాగితం పెట్టి, కొడుకు వీరమరణం పొందినట్టు అంగీకరిస్తూ సంతకం చేయమన్నాడు. అక్క కుట్టుమిషను మీద ఉన్న సుద్దముక్కలూ కత్తెరా పక్కకు నెట్టి కాగితానికి చోటు చేసింది. కలం తీసుకుంది.

దుభాషి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే అన్నాడు.

"అక్కా, సంతకం పెట్టకు. వాడు బతికే ఉన్నాడు."

మేజరు తల తిప్పాడు. అక్క తిప్పలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చర్చల ఆరో రోజు నుంచీ... రెండు నెలలు దాటింది."

"రోజూ అడిగాను కదరా" అంది అక్క.

కలం మూత పెట్టి మేజరు చేతికిచ్చింది. పెట్టె తీసుకుపొమ్మంది. ఆ తర్వాత నెల్లాళ్ళు తమ్ముడితో మాట్లాడలేదు. వేళకు పళ్ళెం మాత్రం మెట్ల మీద పెట్టేది. ఆయన కిందికి దిగి తీసుకునేవాడు, కడిగి మళ్ళీ అక్కడే పెట్టేవాడు.

దుభాషి ఇక ఊరుకోలేదు. జరిగింది జరిగినట్టు రాసి పైవాళ్ళందరికీ పంపాడు. జవాబు రాకపోతే ఒక పత్రికకు ఇచ్చాడు. వాళ్ళు అచ్చు వేశారు. మూడో రోజున ప్రభుత్వం మూడు వాక్యాల ప్రకటన ఇచ్చింది. అలాంటి ప్రతిపాదన ఏదీ చర్చల్లో రాలేదనీ, వచ్చిందని ఎవరికైనా అనిపిస్తే అది అనువాద లోపమనీ, సదరు దుభాషిని విధుల నుంచి తొలగించామనీ. రాయబారిగారిని విలేకరులు అడిగితే ఆయన చాలా దయగా మాట్లాడాడు. "పాపం, మేనల్లుడు పోయాడు. దుఃఖంలో ఉన్న మనిషి తను వినాలనుకున్నదే వింటాడు. ఆయన మీద నాకు కోపం లేదు."

ఉద్యోగం పోయినందుకు దుభాషి అంత బాధపడలేదు. ఆ అనువాద లోపం అన్న మాట మాత్రం ఆయన గుండెలో గునపంలా దిగింది. జీవితంలో తనదంటూ ఉన్నది ఆ ఒక్కటే. నమ్మించి గొంతు కోసినవాడు, కోసిన కత్తి కూడా నీదేనన్నాడు.

ఊరు కూడా మారింది. ఆయన తల్లి పుట్టిల్లు అందరికీ ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఆయన రాసిన ఉత్తరంతో రెండు గేదెలను వెనక్కి తెచ్చుకున్న పాలవాడు ఎదురుపడితే రోడ్డు అవతలికి దాటాడు. వేళాకోళంగా పిలిచిన రెండు నాలుకలవాడు అన్న పేరును ఇప్పుడు ఎవరూ నవ్వుతూ పలకలేదు. బడివాళ్ళు అక్కకు బట్టలు ఇవ్వడం తగ్గించారు. అప్పుడు అక్క తమ్ముడి పక్షాన నిలబడింది. బడి పెద్దాయన ముందుకెళ్ళి, "మా తమ్ముడు నాతో అబద్ధమాడాడు. మీతో ఆడలేదు" అని చెప్పి వచ్చింది. ఆ రోజే మళ్ళీ ఆయన్ని కింద కూర్చుని తినమంది.

పందొమ్మిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వంతెన మీదుగా ఏడుగురిని ఇవతలికి పంపించారు. వరదకు కొట్టుకుపోయి అవతల చిక్కిన పడవవాళ్ళని రెండు దేశాల కాగితాల్లోనూ రాసుకున్నారు. ఆరుగురు నిజంగా పడవవాళ్ళే. ఏడోవాడు కుంటుకుంటూ, ఎవరినీ అడగకుండా, తిన్నగా కుట్టుమిషను చప్పుడు వినబడుతున్న ఇంటికి వచ్చాడు.

అక్క వాడి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. దుభాషి మెట్లు దిగి వచ్చి, ఒరేయ్ ఉడతా అని దగ్గరికి వెళ్ళబోయాడు. వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. అలసట అనుకున్నాడాయన.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. అయిదో రోజు అక్క బయటికి వెళ్ళినప్పుడు ఉడత తనే మేడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చి, మామయ్య గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆస్పత్రిలో మాకు టేపు వినిపించారు మామయ్యా. మీ దేశం మిమ్మల్ని వద్దంది, వినండి అని. మొదట మనాఫీసరు గొంతు. తర్వాత నీ గొంతు."

దుభాషి మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"మిగతా ఇద్దరికీ అది ఎవరి గొంతో తెలీదు. నేను చెప్పలేదు" అన్నాడు ఉడత. "నాకొకటి చెప్పు. ఆ మాట అనేటప్పటికి నేను బతికున్నానని నీకు తెలుసా?"

ఉద్యోగం, సంతకం, కార్యదర్శి ఇచ్చిన మాట, ఇంకొకణ్ణి పిలుస్తారన్న భయం, చెప్పుకోవడానికి చాలానే ఉన్నాయి. ఆయన ఏదీ చెప్పలేదు.

"తెలుసు."

వాడు తల ఊపి, గోడ పట్టుకుని కిందికి దిగిపోయాడు. ఎదురు తిరిగి తిట్టినా బాగుండేదనుకున్నాడు దుభాషి. రాయబారి చేసిన ద్రోహాన్ని పత్రికలకెక్కించగలిగాడు. ఇది ఎక్కడికి ఎక్కించాలి?

ప్రభుత్వం ఉడతను బతికించడానికి ఒప్పుకోలేదు. వాడు బతికే ఉన్నాడంటే ఏడో అంశం అబద్ధమవుతుంది. చచ్చిపోయిన సిపాయిగా ఒక రాతిపలక మీద వాడి పేరు చెక్కి ఉంది. ఊరవతల రేడియోలు బాగుచేసే దుకాణంలో వాడు వేరే పేరుతో పనికి కుదిరాడు. స్తంభాలెక్కడం ఇక కుదరదు. ఇంట్లోనే ఉంటాడు, మామయ్యతో ఎంతవరకు అవసరమో అంతవరకే మాట్లాడతాడు. అమ్మమ్మ భాష మాత్రం మాట్లాడడు.

వంటవాడూ కొత్త సిపాయీ తిరిగి రాలేదు. వాళ్ళ తల్లులు ఎవరి దగ్గరో విని, బస్సులు మారి ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఉడత తను చూసినంత చెప్పాడు. వాళ్ళను ఇంకెక్కడికో మార్చారనీ, చివరిసారి చూసినప్పుడు ఇద్దరూ తమ కాళ్ళ మీద నడుస్తూ వెళ్ళారనీ. ఆ తర్వాత ఆ తల్లులు మేడమీది మనిషి గురించి అడిగారు. చర్చల గదిలో ఉన్నది ఆయనేనటగా, అసలు ఏం మాట్లాడుకున్నారు అని.

దుభాషి కిందికి వచ్చాడు. వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి, తను ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఆరో రోజు ఎవరు ముందు మాట్లాడారో, ఏమన్నారో, తను ఎంతసేపు ఊరుకున్నాడో, చివరికి ఏమన్నాడో వరుసగా చెప్పాడు. వంటవాడి తల్లి మధ్యలో చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పడం అయ్యాక ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మూడు నెలలకు ఆవిడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంది. ఆయన చెప్పాడు. ఇప్పటికీ వస్తుంటుంది. ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.